రైలు మొక్కు

తిరుపతి,
24-7-80

చిరంజీవి తమ్ముడు మునిరత్నానికి అక్క దేవకమ్మ దీవించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాము. నీ క్షేమం రాయమని అడగను. నీ ఉత్తరాల్లో రైలు క్షేమం తప్ప మనుషుల క్షేమం ఉండి చాలా కాలమైంది.

ముందు శుభవార్త. మన యశోదకు సంబంధం కుదిరింది. చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళు. అబ్బాయి పేరు జయరామ్, బ్యాంకులో పని. పెళ్ళిచూపుల నాడు మన పిల్ల చేసిన మైసూరుపాకు గోడకు మేకు కొట్టేంత గట్టిగా వచ్చింది. ఆ అబ్బాయి ఒకటి నమిలి, ఇంకొకటి అడిగి తీసుకున్నాడు. మీ బావ నా చెవి దగ్గరికి వంగి, "మే, ఈ పిల్లోడు మనింట్లో నెగ్గుకొస్తాడు" అన్నారు. అక్కడే ఖాయమైపోయింది.

పెళ్ళి మాఘమాసంలో. ఎక్కడనుకున్నావు? కొండ మీద. అబ్బాయి చిన్నప్పుడు జబ్బు చేస్తే, వీడి పెళ్ళి స్వామి దగ్గరే చేస్తానని వాళ్ళమ్మ మొక్కుకుందట. మొక్కు కాబట్టి వేరే చోటనే మాటే లేదు.

ఇప్పుడు నీ మొక్కు సంగతికి వస్తాను. ఉగాది నాడు మీ రైలు కమిటీ వాళ్ళు తలా ఒక టెంకాయ మొక్కుకుంటే నీకు చాలలేదు. అధ్యక్షుడివి కదా! "మా కొత్తదొరువులో రైలెక్కి తిరుపతిలో దిగేదాకా ఆ ఊరి పొలిమేర తొక్కను, తల మీద కత్తి పెట్టను, దిగిన నాడు కొండకు పోయి తలనీలాలు ఇస్తాను" అని నడివీధిలో కర్పూరం వెలిగించావు. నీ భార్య భారతమ్మ ఆ సాయంత్రమే నాకు ఉత్తరం రాసింది. అక్షరాలు వణికి ఉన్నాయి. కోపంతోనో నవ్వుతోనో నాకు తెలియదు.

యశోదకు నువ్వు ఒక్కడివే మేనమామవు. పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి పీటల దగ్గరికి తేవాల్సింది నువ్వు. సముద్రపు ఒడ్డున నాలుగు వీధుల ఊరికి మాఘమాసం లోపల రైలు ఎట్లా తెస్తావో రాయి. అసలు మీకు రైలెందుకురా? నేను స్టేషన్ పక్కన కాపురం ఉంటున్నాను. ఇంజన్ పొగకు తెల్లచీర ఆరేయడానికి లేదు. రైలు దిగినవాళ్ళందరికీ మా అరుగే సత్రం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మీ అక్క,
దేవకమ్మ


కొత్తదొరువు,
5-8-80

అక్కకు నమస్కారాలు. యశోద పెళ్ళి మాట చదివి భారతమ్మ వీధంతా చక్కెర పంచింది. నేను రెండుసార్లు తీసుకున్నాను.

నువ్వు రైలెందుకు అన్నావు. అక్కా, మొన్న పొద్దున శ్రీహరికోట వైపు నుంచి రాకెట్టు లేచింది. ఊరు ఊరంతా ఇసుకలో నిలబడి, మెడలు పట్టేసేదాకా చూశాము. ఆకాశానికి దారి వేశారు గానీ సూళ్ళూరుపేటకు వేయలేదు! ఉప్పుటేరు దాటాలంటే నీళ్ళు తక్కువున్నప్పుడు ఎద్దుల బండి, ఎక్కువున్నప్పుడు పడవ. మా జాలరి చిన్నబ్బ వాళ్ళు పట్టే రొయ్యలు మద్రాసు చేరేసరికి వాటిని కొనేవాడు ముక్కు మూసుకుంటాడు. హైస్కూలు పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఏరు దాటుతారు. నాకు లాభం లేదని అబద్ధమూ చెప్పను. నా సరుగుడు కట్టెలు బండ్ల మీద పోతే బండివాళ్ళు బాగుపడుతున్నారు, వ్యాగన్లలో పోతే నేను బాగుపడతాను. రాకెట్టు కేంద్రంలో పనిచేసేవాళ్ళు ఇక్కడ ఇళ్ళు కట్టుకుంటున్నారు, కొత్త కాలనీ లేస్తోంది. రైలొస్తే మాది ఊరు కాదు, పేటకు శివారు.

దసరా అయ్యాక సర్వే వాళ్ళు వస్తున్నారు. పట్టాలు వేసేటప్పుడు ముందుగా ట్రాలీ నడుపుతారట. నేను ఆ ట్రాలీ మీద కూర్చుని పేట చేరి, అక్కడ రైలు పట్టుకుంటాను. పట్టాల మీద వస్తే స్వామి కాదంటాడా? మాఘమాసానికి ఇంకా బోలెడంత కాలం ఉంది.

సర్వే జీపు ఏటి దగ్గర ఆగిపోతే మాకు తలవంపు. అందుకని ఊరంతా శ్రమదానం చేసి ఏటికి అడ్డంగా మట్టికట్ట వేస్తున్నాము. మొదటి గంప నేనే ఎత్తాను. నా జుట్టు మెడ మీదికి దిగింది. మట్టి మోసేటప్పుడు కళ్ళల్లో పడుతోంది. నీ జడ చూసి చిన్నప్పుడు నవ్వినందుకు ఇది నాకు శాస్తి. నాయన నీ జడకు నూనె రాయలేక, "దీనికి ఒక గానుగ కావాల" అనేవాడు, గుర్తుందా? ఇప్పుడు భారతమ్మ నన్ను చూసి అదే మాట అంటోంది.

తమ్ముడు,
మునిరత్నం


తిరుపతి,
12-9-80

తమ్ముడికి,

కాళహస్తిలో నిన్ను చూసి వచ్చినప్పటి నుంచి ఇంట్లో నవ్వులే నవ్వులు. పొలిమేర ఇవతలికి రానంటివి కాబట్టి మేమే అక్కడికి వచ్చాము గదా. గుడి ముందర నువ్వు నిలబడి ఉంటే ఆ పల్లెటూరి ముసలామె నీ జుట్టు చూసి కాళ్ళకు దండం పెట్టి, "సామీ, మా ఆవు పాలియ్యడం లేదు" అనడం, నువ్వు ఏమాత్రం తడుముకోకుండా "తవుడు పెట్టు తల్లీ" అనడం! యశోద ఇప్పటికీ తలుచుకుని అన్నం తింటూ పొలమారుతోంది.

మీ బావ అడుగుతున్నారు, మీ స్టేషన్‌కు పేరు గురించి కమిటీలో కొట్లాట జరిగిందట కదా, నిజమేనా? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

నవ్వులాట కాదు గానీ, ఒక సంగతి రాయాలి. మీరు బస్సెక్కిన తర్వాత యశోద నా పక్కన కూర్చుని, "అమ్మా, మామ రాకపోతే నన్ను ఎవరు తెస్తారు?" అంది. మీ బావ తరఫు దాయాది ఎవరైనా తెస్తారులే అన్నాను. "ఎవరో తెస్తే నేను పీట మీద కూర్చోను" అని లేచిపోయింది. దాని చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే నువ్వే కదరా భుజాన వేసుకుని తెచ్చావు. అది దానికి గుర్తుంది.

మా అత్త సుబ్బులమ్మను అడిగాను, మొక్కు కొంచెం సడలించుకోవచ్చునా అని. ఆమె కళ్ళు తెరవకుండానే, "ఆ ఎంకన్న కాడ బేరాలు సాగవే. ఇచ్చిన మాట వడ్డీతో సహా వసూలు చేస్తాడు" అంది. కాబట్టి నీ ట్రాలీని త్వరగా తోలుకురా.

రాజీ లేని మనిషిని, అయినా చెబుతున్నాను. నాకు రైలంటే ఇప్పటికీ గిట్టదు. కానీ మీ రైలు మాత్రం రావాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు అనుకుంటున్నాను. ఈ మాట మీ బావకు తెలియనివ్వకు.

అక్క


కొత్తదొరువు,
30-10-80

అక్కకు,

వచ్చారు! ముగ్గురు ఇంజనీర్లు, ఒక జీపు, బండెడు సామాను. మా కట్ట మీద జీపు తారురోడ్డు మీద పోయినట్టు పోయింది. అవతల గట్టున మేళం పెట్టించాము. కమిటీలో నా తర్వాతి వాడు, టీ కొట్టు ఓబయ్య, పూలదండ వేయబోయి ఇంజనీరుకు బదులు డ్రైవరుకు వేశాడు. డ్రైవరు అది తీయలేదు, సాయంత్రం దాకా అట్లాగే తిరిగాడు.

పెద్ద ఇంజనీరు కట్ట మీద అటూ ఇటూ నడిచి ఏమన్నాడో తెలుసా? "సగం పని మీరే చేసి పెట్టినారే! లైను ఇట్లాగే తీసుకుపోతే సరిపోతుంది. దీన్నే పెంచి రైలుకట్ట చేస్తాం" అన్నాడు. నేను వేయించిన కట్ట అక్కా! దాని మీద రైలు పోతుందట. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, సంతోషానికి.

ఎర్రజెండాలు వరసగా పాతారు, మా సరుగుడు తోపు పక్కనుంచే. యశోదకు చెప్పు, బుట్ట మోయడానికి మామ ఇప్పటి నుంచే బియ్యం మూటలు ఎత్తి సాధన చేస్తున్నాడని.

తమ్ముడు


తిరుపతి,
20-11-80

తమ్ముడికి,

మాఘ శుద్ధంలో ముహూర్తం పెట్టారు. శుభలేఖలు అచ్చుకు ఇచ్చాము. మేనమామ పేరు వేయాలా వద్దా అని అచ్చాపీసు ఆయన అడిగితే, "పెద్దక్షరాల్లో వెయ్యి" అన్నాను. ట్రాలీ సంగతి ఏమైంది? మూడు వారాలుగా నీ ఉత్తరం లేదు. అక్కడ వానలు బాగా పడుతున్నాయని పేపర్లో చూశాము.

అక్క


కొత్తదొరువు,
1-12-80

అక్కకు,

ఇక్కడ అందరమూ క్షేమం. వానలు పడ్డాయి. ఇప్పుడు తగ్గాయి. భారతమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టింది, నీకు ఒక జాడీ పంపుతుంది. బావకు నమస్కారాలు. యశోదకు ఆశీస్సులు.

తమ్ముడు


తిరుపతి,
8-12-80

ఏమిరా రత్నం,

ఊరగాయ అందింది, బాగుంది. నీ ఉత్తరం మాత్రం బాగాలేదు. నేను దాన్ని రెండుసార్లు చదివి మీ బావకు ఇచ్చాను. ఆయన అద్దాలు సర్దుకుని, వెనక్కి తిప్పి, వెలుతురుకు పెట్టి చూసి, "ఇందులో రైలు అనే మాటే లేదే" అన్నారు. ఏడాదిగా నువ్వు రైలు అనకుండా పోస్టుకార్డు ముక్క కూడా రాసింది లేదు.

ఏమైంది? భారతమ్మతో ఏమైనా మాటా మాటా వచ్చిందా? లైను వేరే ఊరికి పోయిందా? నాతో చెప్పకపోతే ఎవరితో చెబుతావు? నువ్వు చిన్నప్పుడు పలక పగలగొట్టిన నాడు కూడా ఇట్లాగే, "అందరమూ క్షేమం" అన్న మొహం పెట్టుకుని ఇంట్లోకి వచ్చావు. తిరుగు టపాలో రాయి.

అక్క


కొత్తదొరువు,
16-12-80

అక్కకు,

పలక మాట నిజమే. ఇప్పుడు పగిలింది పలక కాదు.

వాన మొదలైన మూడో నాడు పైనుంచి వచ్చే నీళ్ళన్నీ ఏట్లోకి దిగాయి. ఎప్పుడూ దిగేవే, సముద్రంలోకి పోయేవే. ఈసారి పోవడానికి దారి లేదు. అడ్డంగా నా కట్ట ఉంది. రెండు తూములు పెట్టించాను, అవి చెత్తతో పూడుకుపోయాయి. నీళ్ళు వెనక్కి తన్ని ఏటి ఒడ్డున ఉన్న చిన్నబ్బ వాళ్ళ పాళెంలోకి ఎక్కాయి. పొద్దున నేను పోయేసరికి మోకాటి లోతు. పొయ్యిలు తేలుతున్నాయి, కోళ్ళు ఇంటి కప్పుల మీద ఉన్నాయి. చిన్నబ్బ నట్టింట్లో మంచం మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ నన్ను చూసి నవ్వాడు. "ఏమప్పా రత్నం, నీ రైలు రాకముందే మా ఇంట్లోకి నీళ్ళొచ్చినాయి. రైలొస్తే యాడికి పోవాల మేము?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పార నేనే తెచ్చాను. కట్టకు మొదటి గంప ఎత్తిన చేత్తోనే మొదటి దెబ్బ వేశాను. తర్వాత పాళెం అంతా వచ్చింది. మధ్యాహ్నానికి గండి పడి నీళ్ళు పోయాయి. కానీ కట్ట వేసినప్పటి నుంచి ఉప్పునీళ్ళు లోపలికి రాక రొయ్య రావడం మానేసిందట. వాళ్ళు నాకు చెప్పలేదు. ఊరి పండగ పాడుచేయడం ఎందుకని ఊరుకున్నారట.

నాది మట్టికట్ట, గండి కొడితే పోయింది. రైలుకట్టకు గండి ఎవరు కొడతారు? ఇంజనీర్లకు రాశాను, వంతెన వేయమని. జనవరిలో మీటింగు పెడుతున్నారు, పెద్ద అధికారి వస్తాడట. వంతెన ఖర్చు ఎక్కువ, కట్ట అయితేనే లైను, ఊరివాళ్ళు ఒప్పుకుంటేనే పని అని జవాబు ఇచ్చారు. ఊరి తరఫున మాట్లాడాల్సింది అధ్యక్షుడు. అంటే నేను.

సరే అంటే చిన్నబ్బ వాళ్ళ పాళెం మునుగుతుంది. వద్దంటే రైలు రాదు. రైలు రాకపోతే నేను ఈ జన్మలో తిరుపతి రాను, యశోద బుట్ట ఎత్తను. ఓబయ్యది ఇంకో మాట. "నీకు సొంత బండి ఉండాది. నా కూతురు పోయిన కానుపుకు పడవలో ఎంత అవస్థ పడిందో నాకు తెలుసు. వచ్చే రైలును వద్దనొద్దప్పా" అంటున్నాడు. అదీ నిజమే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. నాకు నిద్ర పట్టడం లేదక్కా. నువ్వు ఏది చెబితే అది చేస్తాను.

తమ్ముడు


తిరుపతి,
22-12-80

నాయనా రత్నం,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను వంట చేయలేదు. హోటలు నుంచి ఇడ్లీలు తెప్పించాము.

నువ్వు అడిగావు కాబట్టి నిజం చెబుతాను. ముందుగా నా మనసులోకి వచ్చిన మాట, "సరే అనేయరా" అన్నదే. నా బిడ్డ పెళ్ళి నాకు ముఖ్యం. ఎవరి పాళెమో మునుగుతుందని నా కూతురు మేనమామ లేకుండా పీటల మీద కూర్చోవాలా అనిపించింది. ఆ మాట రాయడానికి కాగితం కూడా తీశాను.

అంతలో యశోద వచ్చి అడిగింది. చదివి వినిపించాను. కోళ్ళు కప్పుల మీద ఉన్నాయన్న చోట నవ్వింది, తర్వాత ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని తనే మళ్ళీ చదివింది. చివరికి, "అమ్మా, మామను ఇందులో నన్ను కలుపుకోవద్దని రాయి. ఆ నీళ్ళు తలుచుకుంటూ ఆయన బుట్ట ఎత్తితే నాకెట్లా బాగుంటుంది?" అంది. దీన్ని కన్నది నేనేనా అనిపించింది.

కాబట్టి మీటింగులో నిలబడినప్పుడు పెళ్ళి గుర్తుతెచ్చుకోకు. నీకు ఏది న్యాయమనిపిస్తే అది చెప్పు. ఓబయ్య మాట కూడా చెప్పు, అది మింగేయకు. పెళ్ళి సంగతి మేము చూసుకుంటాము. ఎట్లా చూసుకుంటామో నాకు ఇంకా తెలియదు.

నాకు ఏడుపు వస్తోంది, అయినా నువ్వు సరిగా చేస్తావని ధైర్యంగానూ ఉంది.

అక్క


కొత్తదొరువు,
19-1-81

అక్కకు,

మీటింగు అయిపోయింది. రైలు కూడా అయిపోయింది.

బడి ముందర షామియానా వేశారు. నేను జుట్టు ముడి వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పోయాను. పెద్ద అధికారి నన్ను చూసి మఠం నుంచి ఎవరో వచ్చారనుకుని లేచి నిలబడ్డాడు. అధ్యక్షుడని చెప్పాక కూర్చున్నాడు.

"మాకు రైలు కావాలి. ఓబయ్య కూతురు వంటి వాళ్ళకు కావాలి, బడి పిల్లలకు కావాలి, నా కట్టెలకూ కావాలి. ఏటికి కట్ట మాత్రం వద్దు, వంతెన వేయండి" అన్నాను. వంతెన కుదరదన్నారు. "ఏదో ఒకటి చెప్పండి. కట్టతో లైను కావాలా, వద్దా?" అని అడిగారు. జనమంతా నన్నే చూస్తున్నారు. వద్దనొద్దని ఓబయ్య తల అడ్డంగా ఊపుతున్నాడు. నువ్వు వద్దన్నా నాకు యశోదే కళ్ళ ముందు నిలబడింది. "అట్లయితే వద్దు సార్" అన్నాను.

కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయారు. ఓబయ్య నాతో మాట్లాడటం లేదు. టీ మాత్రం ఇస్తున్నాడు, చక్కెర లేకుండా. ఏటి మీద పెద్ద పడవ ఒకటి, దానికి మనిషిని పెట్టమని పంచాయతీలో అర్జీ ఇచ్చాను. కమిటీ ఇప్పుడు పడవ కమిటీ. చిన్నబ్బ తట్ట నిండా రొయ్యలు తెచ్చి గడపలో పెట్టి పోయాడు.

యశోదకు మేనమామ చీర భారతమ్మతో పంపుతున్నాను. అరిటాకు పచ్చ, మామిడిపిందెల అంచు. భారతమ్మ రెండు రోజుల ముందే వచ్చి పనులు అందుకుంటుంది. నేను కాళహస్తి దాకా వస్తాను. ముహూర్తం వేళకు గుడి ముందర నిలబడి, కొండ ఉన్న వైపు తిరిగి అక్షింతలు వేస్తాను. గాలి పడమటికి ఉంటే మంచిది. బుట్ట ఎవరి చేత ఎత్తిస్తారో నాకు రాయవద్దు.

తమ్ముడు


తిరుపతి,
29-1-81

చిరంజీవి తమ్ముడికి,

నువ్వు కూర్చుని చదువు. చేతిలో కాఫీ గ్లాసు ఉంటే కింద పెట్టు.

నీ ఉత్తరం వచ్చాక మా అత్త దగ్గర కూర్చున్నాను. ఆమె అంతా విని, ఆకువక్క నమలడం ఆపింది. "నీ తమ్ముడు మాట తప్పలేదే, ఇంకొకరి కొంప ముంచకూడదని నిలబడినాడు. అట్లాంటి మొక్కు ఇంటి ఆడబిడ్డ తీర్చచ్చు. కానీ ఊరికే కాదు, తనకు శానా ప్రియమైంది ఇయ్యాల" అంది. అని నా వైపు చూసింది. నా వైపు కూడా కాదు, నా వీపు వైపు. నాకు అర్థమైంది.

నా జడ సంగతి నీకు చెప్పాలా? పెళ్ళైన కొత్తలో మీ బావ నా మొహం కంటే ముందు దాన్నే చూశారు. పూలమ్మే ఆమె మా వీధిలోకి రాగానే, "దేవకమ్మకు పోగా మిగిలింది మీకు" అని మిగతా వాళ్ళకు చెప్పేది. నలభై దాటినా ఒక్క తెల్లవెంట్రుక లేదని నేను ఎందరి దగ్గర గొప్పలు పోయానో. నాకు అదంటే అంత ప్రాణం.

మొన్న పొద్దున అత్తను తోడు తీసుకుని కొండకు పోయాను. మీ బావకు చెప్పలేదు. కళ్యాణకట్టలో కత్తి పట్టుకున్న ఆయన, "మూడు కత్తెర్లామ్మా?" అన్నాడు. ఆడవాళ్ళు చాలామంది కొసలు మూడుచోట్ల కత్తిరించి ఇస్తారు కదా. "కాదు నాయనా, గుండు" అన్నాను. ఆయన జడ చేత్తో ఎత్తి చూసి, "ఇంత జడా తల్లీ! ఇంట్లో అడిగొచ్చినారా?" అన్నాడు. "అడగలేదు. మా తమ్ముడు పెళ్ళికి రావాల, కానియ్యి" అన్నాను.

జడ ఒళ్ళో పడినప్పుడు ఏడ్చాను. అబద్ధం చెప్పను. బాగా ఏడ్చాను. మా అత్త నా తల మీద గంధం పూస్తూ, "సల్లగుండాదా?" అంది. చల్లగానే ఉంది. స్వామి ముందర నిలబడి, "నా తమ్ముడి బాకీ ఇదిగో, ఇంక వాణ్ణి వదిలెయ్యి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అంటే ఒప్పుకున్నట్టే.

సాయంత్రం కొంగు నెత్తిన కప్పుకోకుండా వాకిట్లో ముగ్గు వేస్తున్నాను. మీ బావ అంగడి నుంచి వచ్చి, "ఏమమ్మా, దేవకమ్మ ఇంట్లో లేదా?" అని అడిగారు. నేను తలెత్తి చూశాను. ఆయన చేతిలో సంచి జారిపోయింది, కొత్త వంకాయలు వీధంతా దొర్లాయి. తర్వాత చాలాసేపు నా పక్కన అరుగు మీద కూర్చుని, "నాకెందుకు చెప్పలేదు మే? నేనూ వచ్చుంటి గదా" అన్నారు. చిత్తూరు వియ్యపురాలు విని, "మొక్కు తీర్చిన మనిషి చేతి మీదుగా పెళ్ళి, ఇంకేం కావాల" అని కబురు పెట్టింది. యశోద మాత్రం నన్ను పట్టుకుని వదలలేదు. పూలమ్మే ఆమెకు కోపం వచ్చింది. నా బదులు యశోదకు రెండింతలు కొంటానని మాట ఇచ్చాక తగ్గింది.

కాబట్టి నీకు ఇప్పుడు ఏ మొక్కూ లేదు. బస్సులో వస్తావో, ఎద్దుల బండి మీద వస్తావో, నడిచే వస్తావో నీ ఇష్టం. మీ ఏటికి ఎప్పుడైనా వంతెనతో రైలు వస్తే రానీ, మొదటి టిక్కెట్టు నేను కొంటాను. కానీ ఒరే, ఇంక జన్మలో నువ్వు టెంకాయకు మించి మొక్కుకోవద్దు.

నా గుండు చూసి నవ్వుకుంటావని తెలుసు. నవ్వుకో. ఇక్కడికి వచ్చి నవ్వుకో.

మీ అక్క,
దేవకమ్మ


కొత్తదొరువు,
3-2-81

అక్కకు,

నీ ఉత్తరం భారతమ్మకు పైకి చదివాను. వంకాయల దాకా బాగానే చదివాను. తర్వాత ఆమె తీసుకుని చదివింది. నువ్వు నవ్వుకోమన్నావు, నాకు నవ్వు రాలేదు. ఓబయ్య కొట్టుకు పోయి చెబితే వాడు కళ్ళు తుడుచుకుని నా టీలో రెండు చెంచాల చక్కెర వేశాడు.

మీటింగులో లేచి నిలబడ్డందుకు ఊళ్ళో నలుగురు నన్ను పెద్దమనిషి అంటున్నారు. అక్కా, నేను ఇచ్చింది రానే రాని రైలును. నువ్వు ఇచ్చింది ఉన్న జడను.

శుక్రవారం పొద్దున పడవలో ఏరు దాటి, పేటలో బస్సెక్కి, కాళహస్తిలో దిగి, ఏర్పేడు మీదుగా పోయే బస్సు పట్టుకుని చీకటి పడేలోపల మీ అరుగు మీద ఉంటాను. చిన్నబ్బే పడవ వేస్తానన్నాడు. యశోదను బుట్ట సిద్ధం చేసుకోమను. నా చేతులు బియ్యం మూటలకు బాగా అలవాటు పడ్డాయి.

పెళ్ళికి ముందు నన్ను ఒకసారి కళ్యాణకట్టకు తీసుకుపో. మొక్కు నువ్వు తీర్చేశావని తెలుసు, దానికోసం కాదు. పెళ్ళి ఫోటోలో నువ్వు ఒక్కదానివే గుండుతో నిలబడకూడదు.

నీ తమ్ముడు,
మునిరత్నం